వెనక చక్రం దగ్గర ఎవరు?

తంగమ్మ కుడికాలు ఊరికే ఉండడం లేదు. మనిషి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. చూపు ఎటో ఉంది. అడిగినదానికి ఎప్పుడో ఒక మాట వస్తోంది. కాలు మాత్రం నేలను మెల్లగా నొక్కుతోంది, అలాగే పట్టుకుంటోంది, వదులుతోంది. కాసేపాగి మళ్ళీ నొక్కుతోంది. ఆ కాలికి తెలుసు, మనిషికి తెలియదు అన్నట్టుంది ఆ సంగతి.

హేమప్రియ తంగమ్మ మొహం చూడడం మానేసి ఆ కాలినే చూస్తూ కూర్చుంది. ఆమె వేలూరులో ఒక వకీలు దగ్గర కేసుల ఆరా తీసే మనిషి. అణైకట్ పక్క పల్లెలో పుట్టిన రైతుబిడ్డ. మాట్లాడితే అప్పుడే నిద్ర లేచినట్టు మాట్లాడుతుంది. ఆ మాట తీరు చూసి చాలామంది ఆమె దగ్గర జాగ్రత్త మరిచిపోతారు.

తంగమ్మ మొగుడు రాజమాణిక్యం ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. ఆయన కారు చాన్నాళ్ళుగా షెడ్డులో మూలపడి ఉంది. బ్రేకు పైపు తుప్పుపట్టి, ఆయిలంతా కారిపోయి, బ్రేకులు చుక్క లేకుండా ఎండిపోయాయి. తంగమ్మ తమ్ముడు చిన్నరాజు వచ్చి కొత్త పైపు వేసి, కొత్త ఆయిలు పోసి, ఇంట్లోనే గాలి తీశాడు. మర్నాడు రాజమాణిక్యం ఆ కారులో పలమనేరు పోయాడు. ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి పెడలు నేలకి అంటుకుపోయింది. కారు లోయలో పడింది. మనిషి మిగల్లేదు.

వెనక పైపు ఆయిలులో నీళ్ళున్నాయని, వేడికి అవి ఆవిరై బ్రేకు జారిపోయిందని తేలింది. బావా బావమరుదులు ఒక సైటు విషయంలో ఏడాదిపాటు మొహాలు చూసుకోలేదని ఊరంతా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ జయరామన్‌కి ఆ రెండూ చాలు. చిన్నరాజుని పట్టుకున్నాడు. వాడి తరఫు వకీలే హేమప్రియని పంపాడు. ఈ సాయంత్రం కోర్టుకి తీసుకుపోతే ఇక జైలే. చోటు చూపించడానికని వాణ్ణి గుడియాత్తంలో ఈ ఇంటికి తీసుకొచ్చి, ముందు జీపులో కానిస్టేబుల్ చేతికి, వాడి చేతికి ఒకటే బేడీ వేసి కూర్చోబెట్టారు.

"అక్కా, ఆ సాయంత్రం బ్రేకు తొక్కింది నువ్వేనా?" అంది హేమప్రియ.

"నేనే పాపా. తమ్ముడు చక్రం కాడ, నేను సీట్లో."

"ఎట్లా చెప్పినాడు?"

"నోటితోనే. తొక్కు అంటే తొక్కేది. వదులు అన్నంక వదిలేది. తొక్కితే కాలు బురదలోకి పోయినట్టు పోతా ఉండె. కడాకి గట్టిపడె. 'ఇంక చాలక్కా, మీ ఆయన ఢిల్లీ దాకా పోవచ్చు' అన్నాడు వాడు, నవ్వతా."

కాలు మళ్ళీ నేలను నొక్కింది.

ఎండిన బ్రేకులో ఆయిలు పోసినంత మాత్రాన పని కాదు. పైపుల్లో గాలి కూర్చుని ఉంటుంది. సీట్లో ఒకరు పెడలు తొక్కి పట్టాలి. చక్రం వెనక చిన్న నిపుల్ ఉంటుంది. రెండో మనిషి దానికి గొట్టం తగిలించి, తొక్కినప్పుడు తెరవాలి, వదలకముందే మూయాలి. అప్పుడు ఆయిలుతోబాటు గాలి బుడగలు బయటికి పోతాయి. మూయకముందే వదిలితే గొట్టంలో ఏముంటే అది తిరిగి లోపలికి పోతుంది. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. అంతటి పనిలోనూ సీట్లో ఉన్న మనిషికి వెనక ఏం జరుగుతోందో కనపడదు. వినపడుతుంది, అంతే.

హేమప్రియ లేచి షెడ్డులోకి నడిచింది. షెడ్డు పేరుకే గాని గది లాగా ఉంటుంది. ముందు వీధి గేటు, పక్కన వంటింటి గడప, వెనక సందులోకి ఒక చిన్న తలుపు. నేలకి ఎర్ర రంగు పూసి ఉంది. అద్దంలాంటి నేల. వెనక ఎడమ చక్రం నిలిచే చోట మాత్రం అరచేతంత మేర రంగు పొంగి, పొరలుగా లేచిపోయింది. బ్రేకు ఆయిలు పడితే ఏ రంగైనా అట్లాగే లేస్తుంది. ఆమె వంగి చూసింది. లేచిన పొర అంచుల్లో నీలం మరక ఉంది. వాన వెలిసిన ఆకాశం ముక్క ఒకటి నేలమీద పడి ఎండిపోయినట్టుంది.

"ఏమ్మా, పడుకుంటావా ఏంది ఆడ? చాప తెప్పించేదా?"

జయరామన్ తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, నెరసిన మీసం, చేతిలో జీపు తాళాలు ఆడిస్తున్నాడు.

"నిద్దర రాలేదు సార్. చిన్నరాజుని ఒకమాట అడగనిస్తారా?"

"అడుగు. సాయంత్రం దాకా నీ అల్లుడే అనుకో."

ఆమె గేటు బయట జీపు దగ్గరికి పోయింది. చిన్నరాజు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వెనక చక్రం కాడ నేల మీద ఆయిలు పోసినావా?"

"లేదు మేడం. నాలుగు చక్రాల కిందా గోనెసంచులు పరిచినా. ఆ నేల మా అక్క కోసరం నేనే పూసినా. దాని మీద చుక్క పడనిస్తానా?"

"సంచి జరిగింటాది," అన్నాడు జయరామన్ వెనకనించి.

"జరిగిన సంచి నీలం కారస్తాదా సార్?"

జయరామన్ తాళాలు ఆడించడం ఆపాడు. పోయి చూసి వచ్చాడు. మొహంలో చిరునవ్వుంది.

"మేస్త్రీలు మట్టం చూసే ట్యూబు నీళ్ళల్లో నీలిమందు కలపతారు, బాగా కనపడాలని. కలపతారా లేదారా?"

"కలపతాం సార్," అన్నాడు చిన్నరాజు. "ట్యూబు ఖాళీ కూడా చెయ్యం. మళ్ళీ నింపితే బుడగ పడతాది. బుడగ ఉంటే గోడ మట్టం తప్పతాది."

"ఈడ నీలిమందు కలిపేది ఎవురెవురు?" అన్నాడు జయరామన్.

చిన్నరాజు వేళ్ళు మడిచాడు. "నేను. ఆమీద వెనకింటి శక్తివేల్. ఇద్దరికీ నేర్పించింది బావే."

"చూసినావామ్మా? పొద్దుననించి నువ్వు తవ్వతా ఉండావు, దొరికింది మాత్రం నాకే." జయరామన్ బీడీ కట్ట తీసి జేబులోనే పెట్టుకున్నాడు. "ఆ ట్యూబు ముక్కతోనే గాలి తీసినాడు. నీళ్ళు అట్లనే లోపలికి పంపినాడు. అవళో దాన్, అంతే, కేసు ముగిసె."

"నేను మందులంగట్లో కొత్త సెలైన్ ట్యూబు కొన్నా సార్. బ్రేకులో తడి పోతే మనిషి పోతాడని నాకు తెలీదా?"

"తెలుసు గాబట్టే కదరా నువ్వీడ ఉండావు."



శక్తివేల్ అంతలోనే హెల్మెట్ చేత్తో పట్టుకుని ఇంటి పక్కగా వచ్చాడు. రాజమాణిక్యం దగ్గర పనులు చూసుకునే కుర్రవాడు, వెనకింట్లో అద్దెకుంటాడు. మెత్తని మాట.

"మేడం, ఏమన్నా కావాల్నా? నేను విరించిపురం సైటుకి పోతా ఉండా. అన్న పోయినాంక ఆ పని నేనే కదా చూడాల."

"మట్టం ట్యూబు ఒక ముక్క, ఒక స్పానరు ఇస్తావా నాయనా? ఒకటి చేసి చూడాల."

శక్తివేల్ లోపలికి పోయి తెచ్చిచ్చాడు. ట్యూబు కొత్తది. ఇంకా చుట్ట విప్పలేదు.

"పాతది యాడ?"

"తెగిపోయె మేడం. పారేసినా."

"అన్న పోయిన పొద్దు నువ్వు యాడ ఉండావు?"

"పొద్దున ఫ్యాక్టరీ సంగు కూయకముందే విరించిపురం పోయినా. ఈడ ఉండింటే పోనిస్తానా ఆయన్ని?" కళ్ళు తుడుచుకున్నాడు. బండెక్కి పోయాడు. బండి చప్పుడు వీధి చివరిదాకా పోయి ఆగింది. టీ కోసం ఆగాడేమో అనుకుంది హేమప్రియ.

"ఆ విరించిపురం సైటు నీకు తిరిగి ఇచ్చేదానికి ఒప్పుకున్నాడంట కదా మీ బావ?" అని జీపు వైపు అడిగింది.

"అవును మేడం. అందుకే కారు బాగు చేసినా. రాజీ అయిపోయినాం. ఎవురు నమ్మతారు ఇప్పుడు?"

ఆమె మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వచ్చి తంగమ్మ పక్కనే కూర్చుంది. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు వింటుంటే కళ్ళు బరువెక్కుతాయి.

"అక్కా, తమ్ముడు పోయినాక మళ్ళీ ఎప్పుడు తొక్కినావు?"

తంగమ్మ కాలు ఆగిపోయింది.



"అది కల పాపా," అంది.

"కలే చెప్పు."

"నాకు జొరం. మాత్ర మింగి పండుకున్నా. తెల్లారతా ఉండాది, ఇంకా మసక. కిటికీ మీద టక్ అని కొట్టినాడు. మా ఆయనకి గొంతు ఆపరేషన్ అయినాంక మాట లేదు కదా. వేలూరు ఆస్పత్రి నించి వచ్చిన కాడినించి మాకంతా టక్కులే. నీళ్ళు కావాలన్నా టక్కే, నన్ను పిలవాలన్నా టక్కే. లేచి పోయినా. కారు డోరు తీసి ఉండాది. కూర్చున్నా. వెనక చక్రం మీద టక్ అంటే తొక్కు, టక్ టక్ అంటే వదులు. ఆయనకి బ్రేకు బాగాలేదేమో, మళ్ళీ గాలి తీస్తా ఉండాడు అనుకున్నా. కళ్ళు మూసుకునే తొక్కినా. మబ్బు మీద కూర్చున్నట్టు ఉండె."

"కాలు కిందికి పోయిందా, ముందటి సాయంత్రం మాదిరి?"

తంగమ్మ ఆలోచించింది. కాలినే అడుగుతున్నట్టు కిందికి చూసింది.

"లేదు. తొక్కితే రాయి మాదిరి ఉండె. వదిలేటప్పుడే, కింద ఏదో నీళ్ళు తాగతా ఉన్నట్టు, కాలుని మెల్లగా పైకి లాగె."

హేమప్రియకి అర్థమైంది. తొక్కినప్పుడు మూసి, వదిలినప్పుడు తెరిచారు. చేయాల్సినదానికి తలకిందులు. వదిలిన ప్రతిసారీ తంగమ్మ తన కాలితోనే నీలం నీళ్ళని మొగుడి బ్రేకులోకి పీల్చింది.

"ఆమీద?"

"సంగు కూసె, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీది. అది కూస్తా ఉన్నప్పుడు కూడా టక్ అనె, తొక్కినా. ఇంక చాలని మూడు టక్కులు కొట్టినాడు. వచ్చి పండుకున్నా. కారు పోయిన చప్పుడు నిద్దట్లో విన్నా. లేచి చూస్తే లేడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోలీసోళ్ళు సాయంత్రం సంగతే అడిగినారు. కల సంగతి ఎవురూ అడగలా. ఒకేళ కల కాదనుకో, నేనేగా పాపా తొక్కింది. నా తమ్ముడు జీపులో ఉండాడు. నా కాలు ఈడ ఉండాది."

జయరామన్ ఇదంతా గోడకానుకుని విన్నాడు. నవ్వలేదు.

అప్పుడే గేటు తోసుకుని జెబరాజ్ టీ గ్లాసుల బుట్ట పట్టుకుని వచ్చాడు. వీధి మలుపులో టీ అంగడి అతనిది. పోలీసులకి ఇచ్చి, తంగమ్మకి కూడా ఒకటి పెట్టి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"అన్న రోజూ పొద్దున్నే వచ్చి పాలు తాగేవాడు మేడం. ఆకరి రోజు కూడా వచ్చినాడు. బెంచీ మీద కూర్చుని గ్లాసు ఎత్తినాడు, సంగు కూసె. ఉలిక్కిపడి పాలంతా చొక్కా మీద పోసుకున్నాడు. ఈ తువ్వాలే ఇచ్చినా తుడుచుకోమని. చేతులాడించి నవ్వినాడు. అది కడా నవ్వు అని నాకేం తెలుసు?"

ఎవరూ టీ తాగలేదు.

"జెబరాజ్ అన్నా," అంది హేమప్రియ మెల్లగా, "సంగు కూసినప్పుడు ఆయన మీ అంగట్లో ఉండాడా?"

"నా ఎదురుగానే."

తంగమ్మ గ్లాసు గడప మీద పెట్టింది. పెట్టిన చేయి అక్కడే ఉండిపోయింది. "అయితే నాకు కొట్టింది ఎవురు?" అంది. ఎవరినీ అడగలేదు.

జెబరాజ్ ఖాళీ బుట్టతో వెళ్ళిపోయాక జయరామన్ గోడ వదిలి ముందుకొచ్చాడు.

"రెండే మాటలు. ఒకటి, ఇది కల. కలని కోర్టులో నిలబెట్టలేవు. రెండు, కల కాదంటావా, సరి, పొద్దున వచ్చి కొట్టింది కూడా చిన్నరాజే. టక్కులు వాడికీ తెలుసు. ఆ పొద్దు వాడి పెండ్లాం ఊరికి పోయి పొన్నైలో ఉండాది. వాడు ఇంట్లో ఒక్కడే పండుకున్నా అంటాడు. చూసినోళ్ళు లేరు."

"శక్తివేల్‌కి కూడా తెలుసు టక్కులు. వెనకింట్లోనే ఉండేది."

"వాడు విరించిపురంలో ఉండాడు."

"వాడు చెప్పినాడు. మీరు చూసినారా?"

జయరామన్ మొహం ఎర్రబడింది. ఫోను తీసి ఎవరికో తమిళంలో చెప్పాడు, విరించిపురం సైటులో అడిగి వెంటనే చెప్పమని. ఫోను జేబులో వేసి ఆమె వైపు తిరిగాడు.

"నాకు కల అనే నమ్మకం. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఆడది మొగుడి టక్కు తెలుసుకోదా? చెయ్యి మారితే తెలిసిపోతాది."

"చూద్దాం సార్. నా కారు ఆ షెడ్డులో పెడతా, అదే మాదిరి, ముక్కు గేటు వైపు. నేను కళ్ళు మూసుకుని సీట్లో కూర్చుంటా. మీరు వెనక చక్రం కాడ కొట్టండి. మధ్యలో కానిస్టేబుల్‌ని పెట్టి కొట్టించండి. ఎప్పుడు మారిందో నేను చెప్పలేకపోతే, తంగమ్మక్కకి కూడా తెలిసుండదు. అప్పుడు ఈ సాయంత్రం కోర్టు వద్దు, రేపటిదాకా ఆగండి."

"చెప్పేస్తే?"

"నేను వేలూరు బస్సు ఎక్కి పోతా."

"కారు ఉండాది కదమ్మా, బస్సెందుకు?" అన్నాడు జయరామన్. తంగమ్మ మాట విన్నాక అతను వేసిన మొదటి జోకు అదే. "నిపుల్ కూడా తెరిచి మూసి చేస్తాలే. మా నాయన లారీ డ్రైవరు. ఈ పని నాకు నేర్పించద్దు."

కారు లోపల పెట్టారు. శక్తివేల్ ఇచ్చిన ట్యూబు వెనక ఎడమ చక్రం నిపుల్‌కి తగిలించి, రెండో కొస సీసాలో వేశాడు జయరామన్. హేమప్రియ సీట్లో కూర్చుని కాలు పెడలు మీద పెట్టి కళ్ళు మూసుకుంది.

టక్.

తొక్కింది. కాలు మెత్తగా కిందికి జారింది.

టక్ టక్.

వదిలింది.

బలమైన చేయి. తొందర చేయి. ఒక్కో దెబ్బ గుద్దినట్టుంది. పక్కింటి మగ్గం దానికి జత కలిసింది. టక్ అంటే కిందికి, టక్ టక్ అంటే పైకి. కాసేపటికి ఆమెకి కాలే మిగిలింది, మనిషి లేదు. రంగు నేల మీద తేలుతున్నట్టుంది. తంగమ్మ చెప్పిన మబ్బు ఇదే కాబోలు అనుకుంది. ఎక్కడో ఫోను మోగింది. చెప్పుల చప్పుడు వచ్చింది, పోయింది. మగ్గం ఒక్కటే ఆడింది చాలాసేపు.

టక్.

తొక్కింది. పెడలు దిగలేదు. రాయిలా ఉంది.

టక్ టక్.

వదిలింది. కింద ఏదో నీళ్ళు తాగుతున్నట్టు, పెడలు ఆమె కాలిని మెల్లగా పైకి లాగింది.

చేయి మారింది. ఇది మెత్తని చేయి, ఓపిక గల చేయి. కానిస్టేబుల్ వచ్చాడన్నమాట. పందెం పోయింది, చిన్నరాజు పోయాడు అనుకుంటూ, "మారింది సార్" అని చెప్పడానికి హేమప్రియ కళ్ళు తెరిచింది.

ఎదురుగా గేటు తెరిచి ఉంది. గేటు బయట జయరామన్ ఆమెకి వీపు తిప్పి నిలబడి, ఫోనులో గట్టిగా అడుగుతున్నాడు: "శక్తివేల్ ఆ పొద్దు తెల్లారేసరికి రాలేదా? ఎండెక్కినాంక ఎప్పుడో వచ్చినాడా? సరిగా చెప్పు." అతని పక్కన జీపు. జీపులో చిన్నరాజు, కానిస్టేబుల్, ఇద్దరి చేతులకీ ఒకటే బేడీ.

మరి వెనక?

వీధి చివర ఆగిన శక్తివేల్ బండి చప్పుడు ఇప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. వెనక సందులోకి ఉన్న చిన్న తలుపు గుర్తొచ్చింది. ఇప్పుడు తన కారు బ్రేకు కూడా నీళ్ళు తాగుతోంది.

టక్.

ఆమె కాలు తొక్కింది. రాయి. తొక్కకపోతే వాడికి తెలిసిపోతుంది. తల తిప్పకుండా కంటికొసతో వంటింటి వైపు చూసింది.

గడప మీద తంగమ్మ కుడికాలు కూడా నేలను నొక్కింది. నొక్కి అలాగే పట్టుకుంది. ఆమె కళ్ళు ఎటో లేవు ఇప్పుడు. కారు వెనక ఎడమ చక్రం మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళకి నిద్ర లేచిన కళ్ళు అవి. పెదాలు మాత్రం కదిలాయి: ఈ చెయ్యే.

టక్ టక్, వదలమని.

రెండు కాళ్ళలో ఏదీ వదల్లేదు.

చక్రం దగ్గర స్పానరు చప్పుడు ఆగిపోయింది. పక్కింటి మగ్గం కూడా అప్పుడే ఆగింది. ఆ నిశ్శబ్దంలో, కారు వెనక ఎవరో లేచి నిలబడుతున్న చప్పుడు, మోకాలి చిటుకుతో సహా, హేమప్రియకి స్పష్టంగా వినపడింది.